అవ్వ మంచం కోడుకు కట్టిన పొట్టేలు

మధ్యాహ్నం బడి గంట ఇంకా మోగుతూనే ఉంది. బయమ్మ అప్పటికే వీధి మలుపు తిరిగేసింది. చేతిలో సత్తు గిన్నె, గిన్నెలో బడిలో పెట్టిన గోధుమ రవ్వ ఉప్మా. సగం తను తిని, సగం బెల్లానికి మిగిల్చింది.

బెల్లం అంటే మనం తినే బెల్లం కాదండోయ్. ఒళ్లంతా బెల్లం రంగులో ఉండే పొట్టేలు.

బయమ్మకు పదేళ్లు. తాత బయ్యన్న పేరు కలిసొచ్చేలా బయమ్మ అని పెట్టారు. ఆ ఊళ్లో భయాన్ని కూడా ‘బయం’ అనే అంటారు. “పేరులో తప్ప నీకు యాడా బయం లేదు గదే!” అని అవ్వ ఎగతాళి చేసేది. అయితే అవ్వ అలా నవ్వి చాలా నెలలైంది.

బయమ్మ ఇంట్లోకి అడుగుపెట్టి గడప దగ్గరే ఆగిపోయింది.

నడవలో అవ్వ నిలబడి ఉంది.

గోడకు ఆనుకుని కాదు. రెండు కాళ్ల మీద తనంతట తనే నిలబడి, బెల్లం చెవి పట్టుకుని గుంజుతోంది. తాడు తెంపుకున్న బెల్లం, మూలనున్న విత్తన కాయల మూటలో మూతి పెట్టి కరకర నములుతోంది.

“థూ, నీ మూతి కాల! ఇత్తనానికి పెట్టుకున్న చెనక్కాయలు ఇవి! రేపు వానొస్తే మన్ను ఇత్తల్లనా?” అని అరుస్తోంది అవ్వ.

మంచానికీ ఆ మూటకూ మధ్య నాలుగు అడుగుల దూరం. అంటే అవ్వ నాలుగు అడుగులు నడిచిందన్నమాట!

“నాయనా! నాయ...” అని అరవబోయి, బయమ్మ తన నోరు తనే మూసుకుంది.

ఎందుకో చెప్పాలంటే ఆరు నెలలు వెనక్కి పోవాలి.

అప్పటికి వానలు వరసగా రెండేళ్లు మొహం చాటేశాయి. ఊరి బావిలో నీళ్లు అడుక్కి పోయాయి. ఆ బావి మెట్లు దిగి నీళ్లు తెస్తూ రామసుబ్బమ్మ అవ్వ జారి పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. కట్లు కట్టే బాలప్ప తాత వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. మూడు నెలలకు కట్టు విప్పి, “ఎముక అతుక్కుండాది అక్కా. ఇంక నువ్వు నడవల్ల,” అన్నాడు.

అవ్వ నడవలేదు. కాలు బాగుపడింది గానీ భయం పోలేదు. కాలు కింద పెడితే మళ్లీ పడతానని మంచం దిగలేదు. రాను రాను మాట కూడా మానేసింది. గోడ వైపు తిరిగి పడుకునేది. పెడితే రెండు ముద్దలు తినేది, లేకపోతే లేదు. ఒకప్పుడు ఆమె కేకేస్తే చేనవతల ఉన్న కూలీలు కూడా ఉలిక్కిపడేవాళ్లు. అంత గొంతు అలా మూగబోతే ఇల్లు ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి.

నాయన ఓబులేసు ఆమెను ఉరవకొండలో డాక్టరుకు చూపించాడు. “కాలికేం లేదు, నడిపించండి,” అన్నాడాయన. నడిపించమని చెప్పడం తేలికే! ఎట్లా నడిపించాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. చివరికి నాయన ఊరి బయట సుంకులమ్మ గుడికి పోయి దండం పెట్టాడు.

“మా యమ్మ లేసి నీ గుడికాడికి నడిచొస్తే నీకు పొట్టేలు ఇస్తా తల్లీ!” అని మొక్కుకున్నాడు.

ఆ వారం సంతలోనే పొట్టేలు పిల్లను కొని, నుదుటన పసుపు పూసి ఇంటికి తెచ్చాడు.

“మొక్కు సంగతి మా యమ్మకు చెప్పొద్దండి. మనసుకు పెట్టుకుంటాది. బయమ్మా, దానికి పేరూ గీరూ పెట్టొద్దు. అది మనది కాదు,” అన్నాడు.

పెట్టొద్దంటే బయమ్మ ఊరుకుంటుందా? సాయంత్రానికల్లా పేరు పెట్టేసింది.

పొట్టేలును కట్టేయడానికి కొట్టంలో నీడ లేదు. పైన కప్పిన గడ్డి ఎప్పుడో పీకి ఎద్దులకు వేసేశారు. అందుకని నడవలో అవ్వ మంచం కోడుకే కట్టారు.

మొదటి రోజు బెల్లం అవ్వ చీర కొంగు నమిలింది. రెండో రోజు దుప్పటి నమిలింది. మూడో రోజు అవ్వ గోడ వైపు నుంచి ఇటు తిరిగి, “దీన్ని తగలెయ్య! దీన్ని ఈడ కట్టిందెవురు?” అంది. అన్ని వారాల తర్వాత అదే మొదటి మాట. ఆ తిట్టు విని అమ్మ పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి సంతోషంతో ఏడ్చేసింది.

ఇక అవ్వకు రోజంతా పనే. దాన్ని తిట్టాలి. మూతి తోసేయాలి. పాదంతో వీపు గోకాలి. గోకడం ఆపితే బెల్లం మంచాన్ని తలతో కుమ్మేది. “పెద్ద దొర వచ్చినాడప్పా ఇంటికి! ఈనకు కాళ్లతో సేవలు చెయ్యల్లంట!” అని విసుక్కుంటూనే గోకేది అవ్వ. అలా గోకి గోకి కాలి వేళ్లు కదిలాయి. మోకాలు వంగింది. నెల తిరిగేసరికి కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంది. ఇవాళ ఏకంగా నడిచింది.

అవ్వ నడిస్తే మొక్కు తీర్చాలి. మొక్కు తీరిస్తే బెల్లం ఉండదు. బయమ్మ నోరు మూసుకుంది అందుకే.

“మే, నేను లేసినా సూడే!” అవ్వకు అప్పుడు తెలిసొచ్చింది తను ఎక్కడ నిలబడిందో. మొహం వెలిగిపోతోంది. “మీ నాయనను పిలువు, బిరీన పిలువు!”

“వద్దవ్వా!” అంది బయమ్మ. “నిన్న బాలప్ప తాత దావలో కనపడి చెప్పినాడు. ఇప్పుడే నడిస్తే ఎముక మళ్ల ఇరుగుతాదంట. పండుకో.”

అబద్ధం అంత నున్నగా ఎలా వచ్చిందో బయమ్మకే తెలియదు.

అవ్వ మొహం పాలిపోయింది. గబగబా గోడ పట్టుకుంది. నాలుగు అడుగులు వెనక్కి వేసి మంచం మీద పడింది. “నిజంగానే చెప్పినాడా?” అని అడిగింది. బయమ్మ తలూపింది.

అంతటితో ఆగలేదు. బెల్లం అక్కడే ఉంటే అవ్వ మళ్లీ లేస్తుందని, దాన్ని పెరట్లోకి లాక్కుపోయి కానుగ చెట్టుకు కట్టేసింది. “నడవంతా పెంటికలు పడతాండాయి,” అని అమ్మకు చెప్పింది. పాపకు బుద్ధొచ్చిందని అమ్మ మురిసిపోయింది.

బెల్లం మాత్రం ఒప్పుకోలేదు. పొద్దస్తమానం అరిచింది. “అదేంటికట్ల అరుస్తాండాది?” అని అవ్వ మొదట రెండు రోజులు అడిగింది. మూడో రోజు అడగలేదు. నాలుగో రోజు గోడ వైపు తిరిగి పడుకుంది.

బయమ్మ ఉప్మా తెచ్చి బెల్లం ముందు పెడితే అది వాసన చూసి వదిలేసింది. అమ్మ సంగటి ముద్ద పెడితే అవ్వ అదే పని చేసింది. ‘రెండు రోజులు పోతే అలవాటవుతుందిలే’ అని బయమ్మ తనకు తానే సర్దిచెప్పుకుంది.

పదో రోజు బాలప్ప తాత వచ్చాడు. అవ్వ కాలు వంచబోయాడు. కాలు వంగలేదు. అవ్వ “అమ్మా!” అని మూలిగింది.

“ఏమక్కా, కాలు కట్టె మాదిరి అయిపోయినాదే! నడవల్ల అని నేను ఆ పొద్దే చెప్తి గదా? ఇట్లే ఇంకో నెల పండుకుంటే ఈ జన్మకు నువ్వు లేయవు, నేనేం చేసేది లేదు!” అని గట్టిగానే అన్నాడు.

అవ్వ మెల్లగా తల తిప్పి బయమ్మ వైపు చూసింది. ‘నువ్వే గదా వద్దంటివి’ అని ఆయనతో అనలేదు. మనవరాలి పేరే ఎత్తలేదు. మళ్లీ గోడ వైపు తిరిగిపోయింది.

తాత వెళ్లాక నాయన నడవ మెట్టు మీద కూలబడ్డాడు. “నాలుగు మాటలు మాట్లాడతాండె. ఇప్పుడు అదీ పోయినాది,” అని తల పట్టుకున్నాడు. కరువుకు ఎద్దును అమ్మిన రోజు కూడా ఏడవని నాయన, తువ్వాలుతో కళ్లు తుడుచుకుని చేనికి పోయాడు.

అవ్వ తనను కొట్టినా బాగుండేదనిపించింది బయమ్మకు. తిట్టినా బాగుండేది. పెరట్లోకి పోయి బెల్లం మెడ పట్టుకుని కూర్చుంది. అది బక్కచిక్కి పోయింది. వేళ్లకు ఎముకలు తగిలాయి. దీన్ని కాపాడుతున్నానని కదా అనుకుంది! ఎవరిని కాపాడినట్టు?

లేచి తాడు విప్పింది. బెల్లం ఆమెను లాక్కుంటూ నేరుగా నడవలోకి పోయి, అవ్వ వీపును మూతితో పొడిచింది. అవ్వ తిరగలేదు.

“అవ్వా, బాలప్ప తాత నడవొద్దని చెప్పలేదు,” అంది బయమ్మ. “నేనే అబద్ధం చెప్పినా. నువ్వు నడిస్తే బెల్లాన్ని కోస్తారు. నాయన సుంకులమ్మకు మొక్కుకుండాడు. అందుకే చెప్పినా.”

అవ్వ చటుక్కున ఇటు తిరిగింది. అవ్వ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“అంటే నా కాలు పోయినా పర్వాలేదు, నీ పొట్టేలు ఉండల్ల, అంతే గదా?”

“కాదు!” బయమ్మ కాలు నేలకేసి కొట్టింది. కళ్ల నీళ్లు కారుతున్నా గొంతు తగ్గలేదు. “రెండూ కావల్ల నాకు! నువ్వూ నడవల్ల, అదీ ఉండల్ల!”

“రెండూ కావల్లంటే గట్టిగా అడగల్ల! ఊరంతా ఇనపడే నోరుండాది గదా నీకు? దాన్ని మూసుకుని, నన్ను పండబెడ్తివే!” అవ్వ కేకకు బెల్లం రెండడుగులు వెనక్కి వేసింది.

తర్వాత అవ్వ చాలాసేపు బెల్లం నుదుటి మీద పసుపును చూస్తూ ఉండిపోయింది. చివరికి చెయ్యి చాచింది.

“పట్టుకో నన్ను. లేస్తా.”

లేవడం అంత తేలిక కాలేదు. ఆ రోజు రెండు అడుగులు. మర్నాడు వాకిలి దాకా. కాలు లాగితే బయమ్మను తిట్టింది, ఎండను తిట్టింది, బెల్లాన్ని తిట్టింది. ఈసారి ఏదీ దాచలేదు. నాయన చూశాడు. అమ్మ చూసింది. వీధిలో అందరూ చూశారు. నాయన ఆనందంతో గుడి దాకా పరుగెత్తి, మంగళవారం మొక్కు తీరుస్తానని చెప్పి వచ్చాడు.

“నాయనా, బెల్లాన్ని కోయొద్దు,” అంది బయమ్మ. మెల్లగా కాదు, ఎదురుగా నిలబడి.

నాయన మొహం దించుకున్నాడు. “మొక్కు తప్పితే మీ అవ్వకు మళ్ల ఏమన్నా అయితే? నాకు బయంగా ఉండాది పాపా,” అన్నాడు.

మంగళవారం వచ్చింది. అవ్వ ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో బెల్లం వీపు మీది బొచ్చు పట్టుకుని గుడికి బయలుదేరింది. మూడుసార్లు ఆగింది. ఎవరైనా చెయ్యి అందిస్తే విదిలించి కొట్టింది.

గుడి దగ్గర సగం ఊరు చేరింది. భక్తి లేదని నేననను గానీ, రెండేళ్ల కరువులో ఊళ్లో ఎవరింట్లోనూ మసాలా నూరిన చప్పుడు లేదు. కొందరు గిన్నెలు కూడా తెచ్చుకున్నారు.

గుడి పనులు చూసే ఎర్రప్ప చెంబుతో నీళ్లు తెచ్చి బెల్లం మీద చల్లాడు. అలా చల్లినప్పుడు పొట్టేలు ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు లెక్క.

‘విదిలించొద్దు, విదిలించొద్దు,’ అనుకుంది బయమ్మ పళ్లు బిగించి.

నీళ్లు పడితే పొట్టేలు ఊరుకుంటుందా? తల నుంచి తోక దాకా టపటపా విదిలించింది. పక్కనున్నవాళ్లంతా తడిసిపోయారు.

“ఒప్పుకుండాది! అమ్మ ఒప్పుకుండాది!” అని జనం అరిచారు. ఎర్రప్ప కొడవలి కోసం చెయ్యి చాచాడు.

బయమ్మ దూసుకుపోయి బెల్లానికి అడ్డంగా నిలబడింది. “నేనొక మాట చెప్పల్ల!”

“పక్కకు పో పాపా, పిల్లలు మాట్లాడే తావు కాదు ఇది,” అన్నాడు ఎర్రప్ప.

“పోను! మా అవ్వ మొదట నడిచినాది మొన్న కాదు. అంతకు ముందే నడిచినాది. నేనే అబద్ధం చెప్పి పండబెట్టినా!” నాయన తనను చూస్తున్నాడని బయమ్మకు తెలుసు. చెవులు సిగ్గుతో మండుతున్నాయి. అయినా ఆపలేదు. “బెల్లాన్ని పెరట్లో కట్టేస్తే అవ్వ గోడకు తిరిగి పండుకున్నాది. ఇద్దరూ కూడు మానేసినారు. మళ్ల తెచ్చి మంచం కాడ ఇడిస్తే అవ్వ లేసినాది. నేను నా కండ్లతో చూసినా. మా అవ్వను లేపింది ఇదే! లేపినదాన్ని కోస్తారా?”

జనం గుసగుసలాడారు. ఎర్రప్ప గొంతు సవరించుకున్నాడు. “ఏమప్పా ఓబులేసూ, నీ కూతురికి నోరు ఎక్కువైనాది. మొక్కు మొక్కే గదా?”

అప్పుడు అవ్వ కర్రతో నేల మీద ఒక్క పోటు పొడిచింది.

“ఒరే ఓబులేసూ, నువ్వు మొక్కినప్పుడు అన్న మాట ఉండేదున్నట్టు చెప్పు.”

“పొట్టేలు ఇస్తానంటి అమ్మా.”

“ఇస్తానంటివా, కోస్తానంటివా?”

నాయన తల గోక్కున్నాడు. “ఇస్తాననే అంటి.”

“ఇచ్చేదంటే కోసేదే గదక్కా!” అన్నాడు ఎర్రప్ప. “ఇది తెలీని మాటా?”

“అట్లనా?” అంది అవ్వ. “నువ్వు నీ కూతుర్ని గుమ్మఘట్టకు ఇచ్చినావు గదా ఎర్రప్పా. కోసి ఇచ్చినావా?”

ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో ఫక్కున నవ్వారు. అంతే, గుడి గుడంతా నవ్వింది. గిన్నెలు తెచ్చుకున్నవాళ్లు కూడా నవ్వారు. ఎర్రప్ప మీసాల కింద నవ్వు దాచుకోలేక అటు తిరిగాడు.

“మరి అది ఒళ్లు విదిలించినాది గదక్కా?” అన్నాడు కాసేపటికి.

“విదిలించినాది. ఇచ్చేదానికి అమ్మ ఒప్పుకుండాది. నా కొడుకు ఇస్తాడు. ప్రాణంతో ఇస్తాడు.”

నాయన ముందుకు వచ్చాడు. అవ్వ కాళ్ల వైపు చూశాడు. బయమ్మ వైపు చూశాడు. గుడి ముందు చేతులు జోడించి, “ఇచ్చినా తల్లీ. ఇది నీది. నీ ఊర్లో తిరుక్కుంటాది,” అన్నాడు. తర్వాత బయమ్మ చెవి దగ్గర వంగి, “ఇంటికి పోయినాక ఆ అబద్ధం సంగతి మాట్లాడల్ల మనం,” అన్నాడు. బయమ్మ సరేనని తలూపింది.

అమ్మవారికి ఇచ్చిన జీవాన్ని ఎవరూ కట్టేయకూడదు, కొట్టకూడదు. మెడలో తాడు తీసేయాలి. తీసింది బయమ్మే. ముడి గట్టిగా ఉంది. పళ్లతో లాగి విప్పింది. బెల్లం ఒకసారి తల విదిలించి, ఎవరినీ పట్టించుకోకుండా కనపడ్డ తుప్ప వైపు పోయింది. ఇక అది తనది కాదని బయమ్మకు ఏడుపొచ్చింది. బతికుందని నవ్వూ వచ్చింది.

మర్నాడు తెల్లారింది. అవ్వ మంచం మీద కూర్చుని అటూ ఇటూ చూసింది. మంచం కోడు దగ్గర ఎవరూ లేరు. కాళ్లు ఊపింది. గోకడానికి వీపు లేదు.

“మే బయమ్మా, అది వీధి చివర నల్లమ్మ ఇంటి కాడ అరుస్తాండాది. పోయి పిల్చకరా పో.”

బయమ్మ పుస్తకాల సంచి సర్దుకుంటోంది. ఒక్క పరుగు తీస్తే తీసుకురాగలదు. కాళ్లు అప్పుడే లేవబోయాయి కూడా. కానీ ఆగింది.

“నేను పోను,” అంది.

“ఏమే? చెవుడా?”

“ఇనపడినాది. నేను పోను. నీకు కావల్లంటే నువ్వే పో.”

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి, “పెద్దామెతో ఏం మాటలవి?” అని గద్దించింది. బయమ్మ గడప మీద మొండిగా కూర్చుంది. మొహం అటు తిప్పుకుంది గానీ కదల్లేదు.

“ఇంత పొగరా నీకు! ఉండు, వచ్చినాక చెప్తా నీ పని!” అవ్వ కర్ర అందుకుంది. తిట్టుకుంటూ మెట్టు దిగింది. తిట్టుకుంటూ వీధిలో పడింది.

బయమ్మ సంచి భుజాన వేసుకుని పది అడుగుల వెనకాలే నడిచింది. మూడో ఇంటి దగ్గర అవ్వ రాయి తగిలి తూలింది. బయమ్మ పరుగున పోయి చెయ్యి చాచింది. చెయ్యి తగలకముందే అవ్వ కర్ర గట్టిగా ఊని, తనంతట తనే నిలదొక్కుకుంది.

బయమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఇంకా నాలుగిండ్లు ఉండాయి అవ్వా,” అంది. “నడువు.”